కుంచం వేరు, మానిక వేరు

కాలేజీ కుర్రాణ్నీ, జీ లీగ్ ప్రొఫెషనల్‌నీ ఎన్‌బీఏ డ్రాఫ్ట్ ఒకే తక్కెడలో తూచేదెలా?

అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలోకి కొత్త ఆటగాళ్లు అడుగుపెట్టే సింహద్వారం డ్రాఫ్ట్. ఏటా వేసవిలో 30 జట్లు వంతులవారీగా, రెండు రౌండ్లలో కుర్రాళ్లను ఎంచుకుంటాయి. ఐపీఎల్ వేలానికి అలవాటుపడిన కళ్లకు ఇది వింతగా తోస్తుంది. ఇక్కడ పాట పాడటం ఉండదు. ప్లేఆఫ్స్‌కు చేరని 14 జట్ల మధ్య లాటరీ తీస్తారు. వెనకబడిన జట్లకే మొదటి వంతులు దక్కే అవకాశం ఎక్కువ. అలాగని కావాలని ఓడిపోయే జట్లకు మేలు జరగకుండా, 2019 నుంచి అట్టడుగు మూడు జట్లకూ తొలి వంతు అవకాశాన్ని తలా 14 శాతానికి పరిమితం చేశారు. మొదటి రౌండ్‌లో ఎంపికైనవారి జీతం కూడా వంతును బట్టి దాదాపు ముందే ఖరారై ఉంటుంది. డబ్బు కుమ్మరించి ఆటగాణ్ని ఎగరేసుకుపోయే వీలు లేనప్పుడు జట్టు చేతిలో మిగిలేది ఒక్కటే, అంచనా.

ఆ అంచనాలోనే అసలు చిక్కుంది. ఎంపికకు వచ్చే కుర్రాళ్లలో చాలామందికి పంతొమ్మిది, ఇరవై ఏళ్లుంటాయి. ఒకడు విశ్వవిద్యాలయ జట్టుకు ఆడి ఉంటాడు. ఇంకొకడు జీతం తీసుకుంటూ పెద్దవాళ్లతో తలపడి ఉంటాడు. ఇద్దరి పేర్ల పక్కనా పాయింట్లు, రీబౌండ్లు, అసిస్టులు అంటూ ఒకే రకం అంకెలు కనిపిస్తాయి. వాటిని కొలిచిన పాత్రలు మాత్రం వేరు. ఒకరి ధాన్యాన్ని కుంచంతో, మరొకరి ధాన్యాన్ని మానికతో కొలిచి ఎవరి పంట ఎక్కువని అడిగినట్టే ఉంటుంది ఈ పోలిక.

2005లో మూసుకున్న తలుపు

ఒకప్పుడు ఈ ప్రశ్నే తలెత్తేది కాదు. అసాధారణ ప్రతిభ ఉన్నవారు హైస్కూల్ ముగించి నేరుగా ఎన్‌బీఏకు వచ్చేవారు. 1995లో కెవిన్ గార్నెట్, 1996లో కోబీ బ్రయంట్, 2003లో లెబ్రాన్ జేమ్స్, 2004లో డ్వైట్ హోవర్డ్ అలా వచ్చినవారే. అయితే హైస్కూల్ మైదానంలో తోటి పిల్లల మీద చూపిన ఆధిక్యం పెద్దల లీగ్‌లో నిలుస్తుందో లేదో ముందుగా చెప్పడం కష్టమని జట్లకు అనుభవంలో తెలిసింది. 2005లో లీగ్‌కూ, ఆటగాళ్ల సంఘానికీ మధ్య కుదిరిన ఒప్పందంతో నిబంధన మారింది. డ్రాఫ్ట్ జరిగే ఏడాదిలో ఆటగాడికి 19 ఏళ్లు నిండాలి. అమెరికాలో చదివినవారైతే హైస్కూల్ తరగతి ముగిశాక కనీసం ఒక ఎన్‌బీఏ సీజన్ గడిచి ఉండాలి. 2006 డ్రాఫ్ట్ నుంచి ఇది అమల్లోకి వచ్చింది.

ఆ ఒక్క ఏడాదినీ ఎక్కడ గడపాలన్నదే అప్పటి నుంచి ప్రశ్న. ఎక్కువమంది కాలేజీనే ఎంచుకున్నారు. టెక్సస్ విశ్వవిద్యాలయంలో ఒక్క సీజన్ ఆడి 2007లో రెండో వంతులో ఎంపికైన కెవిన్ డ్యురాంట్, కెంటకీ నుంచి 2012లో మొదటి వంతులో వచ్చిన ఆంథొనీ డేవిస్, డ్యూక్ నుంచి 2019లో మొదటివాడిగా వచ్చిన జయాన్ విలియమ్సన్ ఆ బాటలో నడిచినవారే. కాలేజీ క్రీడల సంస్థ ఎన్‌సీఏఏ అప్పటి నిబంధనల ప్రకారం వారికి దక్కింది ఉపకార వేతనం, చదువు, వసతి మాత్రమే. జీతం ఉండేది కాదు. వారి ఆట వల్ల టీవీ హక్కులకు వందల కోట్ల డాలర్లు వస్తుంటే ఆడేవాడి చేతికి ఏమీ రాదన్న విమర్శ ఏటికేడు పెరిగింది.

జీతమిచ్చే పాఠశాల

ఎన్‌బీఏకు సొంతంగా ఒక చిన్న లీగ్ ఉంది. 2001లో ఎనిమిది జట్లతో ‘డెవలప్‌మెంట్ లీగ్’ పేరుతో మొదలైంది. 2017లో గేటరేడ్ సంస్థ ప్రాయోజకత్వంతో ‘జీ లీగ్’ అయింది. ఎన్‌బీఏ జట్లు తమ దగ్గర ఆడే అవకాశం రాని యువకులను సానపెట్టేది ఇక్కడే. కాలేజీ వదిలి ఈ లీగ్‌లో ఆడి డ్రాఫ్ట్‌కు వెళ్లినవారు అడపాదడపా ఉన్నారు. నార్త్ కరొలైనా విశ్వవిద్యాలయం నుంచి బయటికొచ్చిన పీజే హెయిర్‌స్టన్ టెక్సస్ లెజెండ్స్‌కు ఆడి 2014లో 26వ వంతులో ఎంపికయ్యాడు.

2020లో ఎన్‌బీఏ ఒక అడుగు ముందుకేసి, హైస్కూల్ నుంచి వచ్చే మేటి కుర్రాళ్ల కోసమే ‘ఇగ్నైట్’ అనే ప్రత్యేక జట్టును కాలిఫోర్నియాలో ఏర్పాటు చేసింది. ఏ ఎన్‌బీఏ జట్టుకూ అనుబంధం కాని ఈ బృందం తర్వాత నెవాడాలోని హెండర్సన్‌కు మారింది. పేరున్న కుర్రాళ్లకు ఏడాదికి 5 లక్షల డాలర్ల వరకు జీతం ఇచ్చారు. మొదట సంతకం చేసినవాడు జేలెన్ గ్రీన్. కుర్రాళ్ల పక్కన కొందరు అనుభవజ్ఞులనూ ఉంచారు. వారిలో ఒకడు ఆమిర్ జాన్సన్. 2005లో తలుపు మూసుకోబోయే ముందు హైస్కూల్ నుంచి నేరుగా డ్రాఫ్ట్‌లో ఎంపికైన చివరి ఆటగాడు అతడే, 56వ వంతులో. పాత దారిలో ఆఖరున నడిచినవాడు కొత్త దారిలో మొదట అడుగేసేవారికి తోడు నిలిచాడు.

ఇగ్నైట్ నాలుగు సీజన్లు నడిచింది. ఆ జట్టు నుంచి 13 మంది డ్రాఫ్ట్‌లో ఎంపికయ్యారు. వారిలో ఏడుగురు మొదటి రౌండ్‌లోనే. 2021లో గ్రీన్ రెండో వంతులో, జొనాథన్ కుమింగా ఏడో వంతులో. 2022లో డైసన్ డేనియల్స్ ఎనిమిదో వంతులో. 2023లో స్కూట్ హెండర్సన్ మూడో వంతులో. 2024లో రాన్ హాలండ్ అయిదో వంతులో, మటాస్ బుజెలిస్ పదకొండో వంతులో వెళ్లారు. ఈ నాలుగేళ్లూ ప్రతిభను వెతికే స్కౌట్ల ముందుకు ఒకే ఈడువారు, రెండు వేర్వేరు బడుల నుంచి, ఒకే పరీక్షకు వచ్చి నిలబడ్డారు.

ఒకే ఆట, రెండు నిబంధనావళులు

పోలికలో మొదటి మెట్టు నిబంధనలను పక్కపక్కన పెట్టి చూడటం. జీ లీగ్ మ్యాచ్ ఎన్‌బీఏలో లాగే 48 నిమిషాలు. కాలేజీ పురుషుల మ్యాచ్ 40 నిమిషాలే. బంతి చేతికొచ్చాక షాట్ కొట్టడానికి జీ లీగ్‌లో 24 సెకన్లుంటే కాలేజీలో 30. అందుకే కాలేజీ ఆట నిదానంగా, కోచ్ గీసిన పథకం ప్రకారం సాగుతుంది. జీ లీగ్‌లో పరుగు ఎక్కువ, ఇద్దరు ముగ్గురు కలిసి అప్పటికప్పుడు అల్లుకునే ఆట ఎక్కువ.

గీతలూ వేరే. త్రీ పాయింట్ గీత కాలేజీలో బుట్టకు 22 అడుగుల 1¾ అంగుళాల దూరంలో ఉంటుంది. ఎన్‌బీఏలోనూ జీ లీగ్‌లోనూ నడిమి భాగాన 23 అడుగుల 9 అంగుళాలు. అడుగున్నరకు పైగా తేడా. కాలేజీలో 38 శాతం త్రీలు వేసినవాడు వెనక్కి జరిగి నిలబడితే ఎంత వేస్తాడన్నది ఊహించుకోవాల్సిందే. జీ లీగ్‌లో వేసినవాడి విషయంలో ఆ ఊహతో పని లేదు.

బుట్ట కింద పెయింట్ ప్రాంతం వెడల్పు కాలేజీలో 12 అడుగులు, ఎన్‌బీఏలో 16. పైగా ఎన్‌బీఏలో, జీ లీగ్‌లో కాపు కాసేవాడు ఎవరినీ అడ్డుకోకుండా పెయింట్‌లో మూడు సెకన్లకు మించి నిలబడకూడదు. కాలేజీలో ఆ అడ్డు లేదు. పొడగరి సెంటర్ బుట్ట ముందు గుంజలా పాతుకుపోవచ్చు. దీనివల్ల ఒకే నైపుణ్యం రెండు చోట్లా రెండు రకాలుగా కనిపిస్తుంది. దూసుకెళ్లి స్కోరు చేసే గార్డుకు కాలేజీలో దారి ఇరుకు, జీ లీగ్‌లో విశాలం. బుట్ట దగ్గర కాపలా కాసే పొడగరికి కాలేజీ అనుకూలం. ఏడడుగుల నాలుగంగుళాల జాక్ ఈడీ పర్డ్యూ తరఫున 2023, 2024 సంవత్సరాల్లో వరుసగా దేశంలోనే ఉత్తమ కాలేజీ ఆటగాడిగా నిలిచినా డ్రాఫ్ట్‌లో దక్కింది తొమ్మిదో వంతు. విశాలమైన ఎన్‌బీఏ కోర్టులో అతని కాళ్లు ఎంత వేగంగా కదులుతాయన్న సందేహమే అందుకు ఒక కారణం. అప్పటికే 22 ఏళ్లు నిండటం మరో కారణం.

ఫౌళ్ల లెక్క కూడా వేరు. కాలేజీలో అయిదు ఫౌళ్లకే ఆటగాడు బయటికి వెళ్లాలి. మరోవైపు, ఎన్‌బీఏలో లేని వింత ఒకటి జీ లీగ్‌లో ఉంది. మ్యాచ్ త్వరగా ముగియడానికి 2019-20 నుంచి, ఆఖరి నిమిషాలు మినహా, రెండు ఫ్రీ త్రోలకు బదులు ఒక్కటే వేయిస్తారు. పడితే రెండు పాయింట్లూ వచ్చేస్తాయి. చిన్న విషయంగా కనిపించినా విశ్లేషకులకు ఇది తలనొప్పి. ఫ్రీ త్రో గీత అన్ని లీగుల్లోనూ 15 అడుగుల దూరమే, ఎదురుగా అడ్డుకునేవాడు ఉండడు. అందుకే కుర్రాడి చేతివాటం ఎంత శుద్ధమో, రేపు దూరం నుంచి ఎలా వేస్తాడో చెప్పడానికి త్రీల శాతం కంటే ఫ్రీ త్రోల శాతమే నమ్మదగిన ఆధారమని చాలామంది భావిస్తారు. జీ లీగ్‌లో ఆ ఆధారమే సగానికి సగం తగ్గిపోతుంది.

అంకెలను మార్చే లెక్క

నిబంధనల తేడా తెలిశాక అంకెలను ఒకే కొలతలోకి తేవాలి. ఒక ఊహాత్మక ఉదాహరణ తీసుకుంటే, కాలేజీ ఆటగాడు ‘అ’ సగటున 32 నిమిషాలు ఆడి 16 పాయింట్లు చేశాడు. జీ లీగ్ ఆటగాడు ‘ఆ’ 36 నిమిషాల్లో 18 పాయింట్లు చేశాడు. పైచూపుకు రెండోవాడే మిన్న. నిమిషాలతో భాగిస్తే ఇద్దరూ సమానం. నిమిషానికి అర పాయింటు.

అసలు తేడా మూడో మెట్టులో బయటపడుతుంది. జట్టు చేతికి బంతి వచ్చి, షాటుతోనో పొరపాటుతోనో ఆ దఫా ముగియడాన్ని పొజెషన్ అంటారు. కాలేజీ జట్టుకు 40 నిమిషాల్లో 70 పొజెషన్లు వస్తాయనుకుంటే ‘అ’ ఆడిన 32 నిమిషాల్లో వచ్చేవి 56. జీ లీగ్ జట్టుకు 48 నిమిషాల్లో 100 అనుకుంటే ‘ఆ’ ఆడిన 36 నిమిషాల్లో వచ్చేవి 75. నూరు పొజెషన్లకు లెక్కిస్తే ‘అ’ చేసినవి సుమారు 28.6 పాయింట్లు, ‘ఆ’ చేసినవి 24. పైచూపుకు వెనకబడిన కాలేజీ కుర్రాడు ముందుకొచ్చేశాడు.

లెక్క ఇక్కడితో ఆగదు. ఎదుర్కొన్నది ఎవరిని అన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. ఎన్‌సీఏఏ మొదటి శ్రేణిలో 350కి పైగా జట్లున్నాయి. సీజన్ ఆరంభంలో పెద్ద విశ్వవిద్యాలయాలు తమకంటే ఎంతో బలహీనమైన కాలేజీలతో ఆడతాయి. ఆ మ్యాచ్‌లో చేసిన 30 పాయింట్లకూ, మార్చిలో 68 జట్ల నాకౌట్ పోటీలో చేసిన 15 పాయింట్లకూ ఒకే విలువ కట్టలేం. జీ లీగ్‌లో అలాంటి తేలిక మ్యాచ్‌లు ఉండవు. అక్కడ అడ్డుకునేవాడు చాలాసార్లు పాతికేళ్లు దాటినవాడు, కాలేజీలో ఒకప్పుడు తానూ మేటిగా వెలిగినవాడు, ఎన్‌బీఏ పిలుపు కోసం ఒళ్లు దాచుకోకుండా ఆడేవాడు. అదే సమయంలో జీ లీగ్ జట్లు నిలకడగా ఉండవు. బాగా ఆడినవాణ్ని ఎన్‌బీఏ జట్టు పిలిపించుకుంటే మర్నాటికి కూర్పే మారిపోతుంది. అందువల్ల జట్టుగా కాపు కాసే క్రమశిక్షణ కాలేజీలోనే గట్టిగా కనిపిస్తుంది.

అన్నం ఉడికిందో లేదో చూడటానికి ఒక్క మెతుకు చాలు. ఆటగాణ్ని తేల్చడానికి మాత్రం పట్టెడు మెతుకులు కావాలి. కాలేజీ కుర్రాడు సీజన్‌కు 30కి పైగా మ్యాచ్‌లు ఆడతాడు. కోవిడ్ కాలంలో ఫ్లోరిడాలో ఒకేచోట జరిపిన 2021 సీజన్‌లో జేలెన్ గ్రీన్ ఆడినవి 15 మ్యాచ్‌లే. అంత తక్కువ మ్యాచ్‌ల్లో రెండు మంచి రాత్రులు త్రీల శాతాన్ని నిలబెట్టగలవు, రెండు చెడ్డ రాత్రులు పడదోయగలవు.

2023: రెండో వంతు ఎవరికి?

ఈ పోలిక తప్పించుకోలేని రూపంలో ముందుకొచ్చింది 2023లో. మొదటి వంతులో ఫ్రాన్స్ పొడగరి విక్టర్ వెంబన్‌యామా శాన్ ఆంటోనియోకు వెళ్తాడని అందరికీ తెలుసు. రెండో వంతు షార్లెట్ హార్నెట్స్‌ది. వారి ముందున్న రెండు పేర్లు అలబామా విశ్వవిద్యాలయ ఫార్వర్డ్ బ్రాండన్ మిల్లర్, ఇగ్నైట్ గార్డ్ స్కూట్ హెండర్సన్.

హెండర్సన్ 17 ఏళ్లకే ఇగ్నైట్‌లో చేరి రెండు సీజన్లు ఆడాడు. 2022 అక్టోబర్ 4న హెండర్సన్ పట్టణంలో వెంబన్‌యామా జట్టు మెట్రోపాలిటన్స్ 92తో ప్రదర్శన మ్యాచ్ జరిగింది. వెంబన్‌యామా ఏడు త్రీలతో 37 పాయింట్లు, అయిదు బ్లాకులు చేసి చూసేవారిని నిశ్చేష్టుల్ని చేశాడు. అయినా గెలిచింది 122-115తో ఇగ్నైట్. 28 పాయింట్లు, 9 అసిస్టులతో ఆ గెలుపును నడిపించినవాడు హెండర్సన్. పిక్క బలంతో, మెరుపు తొలి అడుగుతో పెద్దవాళ్లను తోసుకుంటూ వెళ్లడం అతని బలం. తర్వాత జీ లీగ్ సీజన్‌లో 19 మ్యాచ్‌ల్లో సగటున 16కు పైగా పాయింట్లు చేశాడు. త్రీలు మాత్రం పాతిక శాతం పైచిలుకు మాత్రమే పడ్డాయి.

మిల్లర్ కథ దీనికి పూర్తిగా భిన్నం. కాలేజీలో ఒక్క సీజన్ ఆడి సగటున 18.8 పాయింట్లు, 8.2 రీబౌండ్లు సాధించాడు. త్రీలలో 38.4 శాతం. ఆగ్నేయ రాష్ట్రాల కాన్ఫరెన్స్‌లో ఉత్తమ ఆటగాడు. ఆరడుగుల తొమ్మిదంగుళాల పొడవు, దూరం నుంచి సూటిగా వేసే చేయి. అతని మీద మచ్చ కూడా అందరి కళ్లముందే పడింది. మార్చి నాకౌట్ పోటీలో అలబామా దేశంలోనే తొలి సీడ్. అయినా శాన్ డియేగో స్టేట్ చేతిలో ఓడి ఇంటిదారి పట్టింది. ఆ రాత్రి మిల్లర్ 19 షాట్లు వేస్తే బుట్టలో పడినవి మూడు.

ఒకవైపు దేశమంతా చూసిన వైఫల్యం, మరోవైపు ఎవరూ పెద్దగా చూడని లీగ్‌లో కొద్దిపాటి మ్యాచ్‌ల శాంపిల్. వయసులో హెండర్సన్ 14 నెలలు చిన్న. ఆ ఈడులో అది చాలా ఎక్కువ తేడా, ఎదగడానికి ఇంకా చోటుందని దానర్థం. షార్లెట్ మిల్లర్‌ను ఎంచుకుంది. బంతి నడిపే గార్డ్ లామెలో బాల్ అప్పటికే ఆ జట్టులో ఉన్నాడు. పక్కన నిలబడి దూరం నుంచి వేసే పొడగరే వారికి కావలసింది. హెండర్సన్ మూడో వంతులో పోర్ట్‌లాండ్‌కు వెళ్లాడు.

తొలి సీజన్ ఫలితం కాలేజీ వైపు మొగ్గింది. మిల్లర్ సగటున 17.3 పాయింట్లు, 37 శాతం త్రీలతో ఉత్తమ కొత్త ఆటగాళ్ల తొలి జట్టులో చోటు సంపాదించాడు. హెండర్సన్ 14 పాయింట్లు చేసినా షాట్లలో 40 శాతం కూడా పడలేదు. ఇగ్నైట్‌లో కనిపించిన లోపమే, త్రీలు సరిగా పడకపోవడం, ఎన్‌బీఏలోనూ కనిపించింది. అంటే జీ లీగ్ అంకెలు అబద్ధం చెప్పలేదు. వాటిని తక్కువ శాంపిల్ అని కొట్టిపారేసిన ఆశే తడబడింది.

లోపాన్ని ముందే చూపే అద్దం

ఇక్కడే రెండు దారుల స్వభావ భేదం తేటపడుతుంది. కాలేజీలో ప్రతిభావంతుడి చుట్టూ జట్టును అల్లుతారు. అతని బలాలు మెరుస్తాయి, బలహీనతలను పథకం కప్పేస్తుంది. జీ లీగ్‌లో ఆ కప్పు ఉండదు. హైస్కూల్ దశలో దేశంలోని మేటి గార్డులలో ఒకడిగా పేరొందిన జేడెన్ హార్డీ ఇగ్నైట్‌లో షాట్లు తప్పుతూ 2022లో 37వ వంతుకు జారిపోయాడు. కాలేజీకి వెళ్లి ఉంటే ఇంతగా జారేవాడు కాదన్న మాట అప్పట్లో వినిపించింది.

అదే అద్దం కొన్నిసార్లు తక్కువ వెలుగులోని గుణాన్నీ చూపిస్తుంది. ఆస్ట్రేలియా నుంచి వచ్చిన డైసన్ డేనియల్స్ ఇగ్నైట్‌లో పాయింట్ల వరద పారించలేదు. అయితే పెద్దవాళ్లకు అడ్డుపడే తీరు, బంతి లాక్కునే చురుకుదనం స్కౌట్ల కంటపడ్డాయి. అట్లాంటాకు మారాక 2024-25లో మ్యాచ్‌కు సగటున మూడు స్టీల్స్‌తో లీగ్‌లో అత్యంత మెరుగుపడిన ఆటగాడి పురస్కారం గెలిచాడు. లీగ్ మారినా షాట్ల శాతాల కంటే కాపు కాసే గుణం నిలకడగా వెంట వస్తుందనడానికి ఇదొక సాక్ష్యం.

2021 తరగతి మరో కోణం చూపిస్తుంది. ఓక్లహోమా స్టేట్‌కు ఆడిన కేడ్ కనింగ్‌హామ్, ఇగ్నైట్ గ్రీన్, సదరన్ కాలిఫోర్నియాకు ఆడిన ఎవన్ మోబ్లీ, ఫ్లోరిడా స్టేట్‌కు ఆడిన స్కాటీ బార్న్స్ మొదటి నాలుగు వంతుల్లో వెళ్లారు. గ్రీన్ తొలి సీజన్‌లోనే 17.3 పాయింట్లు చేశాడు. కానీ ఆ ఏడాది ఉత్తమ కొత్త ఆటగాడు బార్న్స్. 2025 నాటికి మోబ్లీ లీగ్‌లోకెల్లా ఉత్తమ డిఫెండర్. దీన్నిబట్టి కాలేజీ గొప్పదని తేల్చేయడం తొందరపాటే. ఏ దారిలో వచ్చాడన్నదాని కంటే ఆట చదవగలడా, ఇద్దరు ముగ్గురిని కాయగలడా అన్న ప్రశ్నలే చివరికి తేల్చాయి. అందుకే జట్లు అంకెలతో ఆగకుండా ఏటా షికాగోలో జరిగే కంబైన్ అనే పరీక్షా శిబిరంలో బూట్లు లేని ఎత్తు, చాచిన చేతుల పొడవు కొలుస్తాయి. వైద్య పరీక్షలు చేయిస్తాయి, కుర్రాళ్లను కూర్చోబెట్టి మాట్లాడతాయి.

భారతీయుల అడుగులు

ఈ కథలో పంజాబ్ కుర్రాళ్లు ఇద్దరున్నారు. బల్లో కే గ్రామానికి చెందిన సత్నాం సింగ్ కాలేజీలోగానీ ప్రొఫెషనల్ లీగ్‌లోగానీ ఆడకుండానే, ఫ్లోరిడాలోని శిక్షణ అకాడమీ నుంచి 2015లో 52వ వంతులో డాలస్‌కు ఎంపికయ్యాడు. భారతదేశంలో పుట్టి, డ్రాఫ్ట్‌లో ఎంపికైన తొలి ఆటగాడు అతడే. డాలస్ అనుబంధ జట్టు టెక్సస్ లెజెండ్స్‌కు ఆడాడు, ఎన్‌బీఏ మ్యాచ్ ఆడే అవకాశం మాత్రం రాలేదు. ఢిల్లీ శివార్లలోని ఎన్‌బీఏ అకాడమీలో శిక్షణ పొందిన ప్రిన్స్‌పాల్ సింగ్ 2020లో ఇగ్నైట్‌లో చేరాడు. డ్రాఫ్ట్‌లో పేరు రాకపోయినా 2021లో సమ్మర్ లీగ్ గెలిచిన శాక్రమెంటో కింగ్స్ బృందంలో ఉన్నాడు.

తిరుగు ప్రయాణం

ఇగ్నైట్‌ను మూసేసింది ఓటములు కాదు, కాలేజీలో మొదలైన డబ్బు ప్రవాహం. 2021 జులై 1 నుంచి ఎన్‌సీఏఏ ఆటగాళ్లు తమ పేరును, రూపాన్ని ప్రకటనలకు వాడుకుని సంపాదించుకునే వీలు కలిగింది. పేరున్న కుర్రాడికి జీ లీగ్ ఇచ్చే జీతం కంటే కాలేజీ పట్టణంలోనే ఎక్కువ ముట్టసాగింది. దాంతోపాటు నిండిన స్టేడియం, టీవీ వెలుగు ఎలాగూ ఉన్నాయి. 2024 మార్చిలో లీగ్ ఇగ్నైట్‌కు ముగింపు పలికింది. 2025 జులై నుంచి విశ్వవిద్యాలయాలే తమ ఆదాయంలోంచి ఆటగాళ్లకు నేరుగా వాటా పంచడం మొదలుపెట్టాయి. తొలి ఏడాదికి ఒక్కో విశ్వవిద్యాలయానికి విధించిన పరిమితి సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్లు. ఆ ఏడాది డ్రాఫ్ట్‌లో డ్యూక్ ఆటగాడు కూపర్ ఫ్లాగ్ మొదలుకొని తొలి పది వంతులూ కాలేజీ కుర్రాళ్లకే దక్కాయి.

అదే సంవత్సరం ఒకప్పటి ఇగ్నైట్ ఆటగాళ్లలో థియరీ డార్లాన్ శాంటా క్లారా విశ్వవిద్యాలయంలో, లండన్ జాన్సన్ లూయివిల్‌లో చేరడానికి సిద్ధమయ్యారు. జీ లీగ్‌లో జీతం తీసుకుని ఆడినవాడు కాలేజీ గడప తొక్కడం అప్పటిదాకా ఊహకందని విషయం. దీంతో కాలేజీ కోర్టులో ఎదురుపడేవాడి వయసూ అనుభవమూ మారుతున్నాయి, అక్కడి అంకెల బరువూ మారుతోంది. ఇకపై స్కౌట్లు కాలేజీ కుర్రాణ్ని పోల్చాల్సింది ఎక్కువగా ఫ్రాన్స్, ఆస్ట్రేలియా క్లబ్బుల నుంచి వచ్చేవారితో. 2024లో మొదటి రెండు వంతుల్లో ఎంపికైన జకరీ రిసాషే, అలెక్స్ సార్ ఆ కోవకు చెందినవారే.

జీ లీగ్ మాత్రం ఎంపికకు ముందు బడిగా కాక, ఎంపిక తర్వాతి బడిగా స్థిరపడింది. 2017లో మొదలైన టూ-వే ఒప్పందాలతో ఆటగాడు ఒకే సీజన్‌లో ఎన్‌బీఏకూ దాని అనుబంధ జట్టుకూ మధ్య తిరగవచ్చు. ఇప్పుడు ఒక్కో జట్టుకు అలాంటివి మూడు. న్యూమెక్సికో స్టేట్ కాలేజీ నుంచి 2016లో 27వ వంతులో టొరంటోకు వచ్చిన పాస్కల్ సియాకమ్ మరుసటి ఏడాది చిన్న లీగ్ ఫైనల్స్‌లో ఉత్తమ ఆటగాడయ్యాడు, 2019లో టొరంటోతో ఎన్‌బీఏ టైటిల్ గెలిచాడు. అతని విషయంలో కుంచమూ మానికా రెండూ పనికొచ్చాయి, ఒకదాని తర్వాత ఒకటి.